అంత దగ్గరగా ఎందుకు ఎగరాలి?

2025 జనవరి 2న విశాఖపట్నం ఆర్కే బీచ్ దగ్గర జరిగింది మీలో చాలామంది చూసే ఉంటారు. చూడకపోతే మీ ఫ్యామిలీ గ్రూపులో ఎవరో ఒకరు పంపే ఉంటారు. జనవరి 4న తూర్పు నౌకాదళం వాళ్ళ విన్యాసాలు, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ముఖ్య అతిథి. దానికి రెండు రోజుల ముందు రిహార్సల్. పారాచూట్లతో దిగుతున్న వాళ్ళలో ఇద్దరు బాగా దగ్గరికొచ్చారు. ఒకరి గొడుగు ఇంకొకరి గొడుగుతో చుట్టుకుంది. ఇద్దరూ ఒకే ముద్దయిపోయి గిరగిరా తిరుగుతూ ఒడ్డుకి దగ్గర్లోనే సముద్రంలో పడ్డారు. దగ్గర్లో ఉన్న నేవీ పడవ వాళ్ళని ఎక్కించుకుంది. ఇద్దరూ క్షేమం.

ఇంతే విషయం. కానీ ఆ తర్వాత వచ్చిన వ్యాఖ్యానాలు చూస్తే నాకు మా ఆఫీసు గుర్తొచ్చింది. నెట్‌వర్క్ పోయినా, డిస్క్ నిండినా, పాస్‌వర్డ్ మర్చిపోయినా అందరూ అనేది ఒకటే మాట: సర్వర్ డౌన్. ఇక్కడ కూడా అంతే. "పారాచూట్ తెరుచుకోలేదు" అని ఒకాయన, "నాసిరకం బట్ట" అని ఇంకొకాయన, "ట్రైనింగ్ లేదు" అని మూడో ఆయన. తెరుచుకోకపోవడం వేరు, తెరుచుకున్నాక గాలి పోయి కూలిపోవడం వేరు, రెండు ముడిపడటం వేరు. విశాఖలో గొడుగులు చక్కగా తెరుచుకున్నాయి. తెరుచుకుని బాగా ఎగురుతున్నాయి కాబట్టే ఒకదాని దగ్గరికి ఇంకొకటి వెళ్ళగలిగింది.

సరే, నేనెందుకు ఇందులో తలదూర్చానో చెప్తాను. మాది నిజామాబాద్. మా చిన్నాయన వాళ్ళు ఉండేది బోధన్‌లో. చిన్నాయన కొడుకు, మా చిన్నోడు, ఇంటర్. వాడికి ఎన్డీఏ రాయాలని పట్టుదల, అందులోనూ నేవీ అయితే మరీ ఇష్టం. విశాఖ వీడియో మా గ్రూపులోకి వచ్చిన రోజు నుంచి చిన్నమ్మ వాడి పుస్తకాల వైపు చూసే చూపు మారిపోయింది. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి ఇంట్లో మాటలు తక్కువ, చప్పుళ్ళు ఎక్కువ. సకినాలు ప్లేట్లో పెట్టడం కూడా ఠప్పున పెడుతోంది.

చిన్నాయన నన్ను పక్కకి పిలిచి, "నువ్వు ఇంజినీర్‌వి గదా, జర నువ్వే చెప్పు" అన్నాడు. (కంప్యూటర్ ఇంజినీరుకి పారాచూట్ సంగతి ఏం తెలుస్తుందని ఆయనకి అనుమానం రాలేదు. ఫ్రిజ్ పాడైనా నన్నే అడుగుతారు.) చిన్నమ్మ మాత్రం ఒక్కటే ప్రశ్న వేసింది.

"గంత దగ్గరికి ఎందుకు పోవాలె బిడ్డా? ఆకాశంల జాగ లేదా?"

నవ్వొచ్చింది కానీ ప్రశ్న మాత్రం మామూలుది కాదు. ఇక్కడ రాస్తున్నది దానికి నేను తీరిగ్గా చెప్పిన జవాబే.

ముందు ఆ గొడుగు ఏమిటో చూడాలి. మనం పాత యుద్ధం సినిమాల్లో చూసే గుండ్రటి పారాచూట్ నిజంగానే గొడుగు. గాలిని ఆపి, పడే వేగాన్ని తగ్గిస్తుంది, అంతకుమించి ఏమీ చేయదు. ఇప్పుడు స్కైడైవింగ్‌లో వాడే చదరపు పారాచూట్ గొడుగు కాదు, రెక్క. దీన్ని కనిపెట్టిన డొమినా జాల్బర్ట్ అనే ఆయన అమెరికాలో గాలిపటాలు తయారుచేసేవాడు! 1964లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు, 1966లో వచ్చింది. పైనొక బట్ట, కిందొక బట్ట, మధ్యలో నిలువుగా కుట్టిన గోడలు. ఏడో తొమ్మిదో గదులు. ముందు వైపు నోళ్ళు తెరిచి ఉంటాయి, వెనక మూసి ఉంటుంది. ముందుకి పోతుంటే ఎదురుగాలి నోట్లోంచి దూరి గదుల్ని నింపుతుంది. ఆ ఒత్తిడితోనే బట్ట రెక్క ఆకారంలో నిలబడుతుంది. అందులో కర్ర లేదు, కమ్మీ లేదు, ఎముక లేదు.

అంటే అది రెక్కగా ఉండాలంటే రెండు షరతులు. ఎదురుగాలి తగులుతూ ఉండాలి. కింద మనిషి బరువుతో తాళ్ళు బిగిసి ఉండాలి. రెండిట్లో ఏది పోయినా మిగిలేది ఉతికిన దుప్పటే.

ఇప్పుడు ఈ ఎదురుగాలిని ఎవరు దొంగిలిస్తారు? ముందు వెళ్ళే ఇంకో గొడుగు.

మన వైపు వాళ్ళకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. నేను ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ఉన్నప్పుడు షక్కర్‌నగర్ ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది (2015 డిసెంబర్లో లే ఆఫ్‌తో మూతపడింది, నిజాం కాలంలో 1937లో పుట్టిన ఫ్యాక్టరీ). చలికాలంలో నిజామాబాద్ నుంచి జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్‌కి బండి మీద వెళ్తుంటే చెరుకు లారీలు తగిలేవి. నిండు లోడు లారీ వెనక చేరితే ఒక్కసారిగా చలిగాలి తగ్గిపోతుంది. హాయిగా ఉంటుంది. చెరుకు ఆకులు మొహానికి కొడతాయి అనుకోండి, అది వేరే సంగతి. ఇంకొంచెం వెనకబడితే గాలి అటూ ఇటూ తోస్తుంది, హ్యాండిల్ ఊగుతుంది. ఓవర్‌టేక్ చేద్దామని పక్కకి రాగానే మళ్ళీ గాలి చెంప మీద కొట్టినట్టు తగులుతుంది.

బైకుకి ఇంజన్ ఉంది, ఇనుప చట్రం ఉంది, కాబట్టి ఆ నిమ్మళం మనకి హాయి. బట్ట రెక్కకి ఎదురుగాలే ప్రాణం. ముందు గొడుగు వెనక మిగిలిన చెడిన గాలిలోకి, సుళ్ళు తిరిగే గాలిలోకి దూరితే గదుల్లో ఒత్తిడి పడిపోతుంది. అదీ రెక్క మొత్తానికి సమానంగా జరగదు. ఒక పక్క మెత్తబడి ముడుచుకుంటుంది, రెండో పక్క ఇంకా ఎగురుతూనే ఉంటుంది. దాంతో గొడుగు మెత్తబడిన వైపుకి గిర్రున తిరుగుతుంది. అటువైపే ఇంకో మనిషి ఉంటే ఆ ముడుచుకున్న బట్ట వెళ్ళి అతన్నే చుట్టుకుంటుంది. పారాచూట్ కిందికి దిగుతూ ముందుకు పోతుంది కాబట్టి ఈ చెడిన గాలి దాని వెనకాల, కొంచెం పైకి మిగిలిపోతుంది. కళ్ళకి కనపడదు. ఇందాక ఒకడు అక్కడి నుంచి వెళ్ళాడు అన్నదొక్కటే గుర్తు.

మరి తెలిసి తెలిసి అంత దగ్గరికి వెళ్ళే వాళ్ళున్నారా అంటే, ఉన్నారు. దానికంటూ ఒక ప్రత్యేక విద్యే ఉంది, కెనోపీ ఫార్మేషన్ అంటారు. గొడుగులు తెరుచుకున్నాక ఒకరి కింద ఒకరు చేరి, పైవాడు తన కాళ్ళని కిందివాడి గొడుగు మధ్య గది తాళ్ళకి మెలేసి పట్టుకుంటాడు. ఇద్దరైతే రెండంతస్తుల మేడ. పదిమందైతే నిచ్చెన. ఇంకా పెద్దదైతే పక్కలకి కూడా పెరిగి వజ్రం ఆకారం. 2007 నవంబర్ 21న అమెరికాలో ఫ్లోరిడాలోని లేక్ వేల్స్ దగ్గర సరిగ్గా 100 మంది ఇలా ఒకే వజ్రంగా కలిశారు. ఆ ఫొటో ఒకసారి వెతికి చూడండి. నాకు మొదటిసారి చూసినప్పుడు ఏదో బతుకమ్మని తలకిందులుగా ఆకాశంలో వేలాడదీసినట్టు అనిపించింది.

ఆ వందమందీ దగ్గరగా ఉన్నారు కాబట్టి ప్రమాదంలో ఉన్నారు అనుకుంటాం. నేను చదివి అర్థం చేసుకున్నంతలో వాళ్ళ భద్రత అంతా వాళ్ళు దగ్గరగా ఉండటానికి ముందు చేసే పనిలోనే ఉంది. అందరిదీ ఒకే రకం గొడుగు. గొడుగు సైజుకీ మనిషి బరువుకీ నిష్పత్తి అందరికీ దాదాపు ఒకటే ఉండాలి, తక్కువైన వాళ్ళు నడుముకి సీసపు బరువులు కట్టుకుంటారు. అప్పుడే అందరూ ఒకే వేగంతో దిగుతారు. ఎవరు ఎవరి తర్వాత, ఏ వైపు నుంచి, ఎంత ఎత్తులో రావాలి అన్నది నేల మీదే నడిచి ప్రాక్టీసు చేస్తారు. వచ్చేవాడు ఎదుటి గొడుగు వెనక అదే ఎత్తులో ఎప్పుడూ రాడు, చెడిన గాలి ఉండేది అక్కడే. కిందుగా వచ్చి చేరతాడు. తన గొడుగు పైభాగం పైవాడి కాళ్ళ దగ్గరికి రావాలి, అంతకన్నా ఎత్తుగా రాకూడదు. చేరేటప్పుడు మెల్లగా, దాదాపు ఒరుసుకున్నట్టు చేరాలి. వేగంగా వచ్చి గుద్దితే ముందు వాడి కాళ్ళ చుట్టూ బట్ట చుట్టుకుంటుంది.

తాళ్ళ సంగతి ఇంకా బాగుంటుంది. మామూలు స్కైడైవర్లు చాలామంది సన్నటి గట్టి తాళ్ళు వాడతారు, గాలి నిరోధం తగ్గుతుందని. ఫార్మేషన్ చేసేవాళ్ళు మాత్రం కావాలనే లావుపాటి డాక్రాన్ తాళ్ళు వాడతారు. ఎందుకంటే సన్నటి తాడు బరువుతో రాసుకుంటే చర్మాన్ని కోసేస్తుంది. ఇది చెప్పగానే మా చిన్నోడు "చైనా మాంజా లెక్క" అన్నాడు. సరిగ్గా అదే. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా, ఇప్పటికీ సంక్రాంతి వస్తే పోలీసులు పట్టుకుంటూనే ఉన్నారు, కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. పతంగి పేచ్ పడినప్పుడు మనకి పోయేది పతంగే. అక్కడ పతంగి కింద మనిషి ఉంటాడు.

ఇంతకీ ముడిపడితే ఏం చేస్తారు? ఐటీ వాళ్ళం కాబట్టి ఇది మనకి భలే తేలిగ్గా ఎక్కుతుంది. ఇది అచ్చం డెడ్‌లాక్. ఇద్దరి దగ్గరా ఒకరికి కావాల్సింది ఇంకొకరి దగ్గర ఇరుక్కుని ఉంటుంది, ఎవరంతట వాళ్ళు బయటపడలేరు. విడిపోవాలంటే ఒకరు తన ప్రధాన గొడుగుని వదిలేయాలి. 1970ల మధ్యలో బిల్ బూత్ అనే అమెరికన్ కనిపెట్టిన మూడు రింగుల క్లిప్ ఉంటుంది, ఒక హ్యాండిల్ లాగితే రెండు భుజాల దగ్గరా గొడుగు ఊడిపోతుంది. మనిషి విడిపోయి కాసేపు పడి, రెండో గొడుగు తెరుస్తాడు. ఇరుక్కున్న తాడు కోయడానికి కొక్కెం లాంటి చిన్న కత్తి కూడా ఒంటి మీదే ఉంటుంది.

కానీ ఎవరు వదలాలి? ఎప్పుడు? కిందివాడు వదిలితే పైవాడు ఆ బట్టంతా మోస్తూ మిగులుతాడు, అయినా అతని గొడుగు ఎగురుతుండవచ్చు. పైవాడు కిందివాడి బట్టలో చుట్టుకుని ఉన్నప్పుడు తొందరపడి వదిలేస్తే అదే బట్టలో పడి రెండో గొడుగు కూడా పాడవ్వచ్చు. అందుకే మొదటి నియమం, మాట్లాడుకో. అరిచి మాట్లాడుకో. నేను వదులుతున్నా అని చెప్పకుండా ఎవడూ హ్యాండిల్ లాగకూడదు. ఇదంతా పైన గాల్లో కనిపెట్టే ప్రొటోకాల్ కాదు, నేల మీద ముందే ఒప్పుకుని వెళ్ళేది.

దీనికి టైమౌట్ కూడా ఉంది, ఎత్తు. అమెరికా స్కైడైవర్ల సంఘం సూచనల్లో సుమారు 2,500 అడుగుల కింద కొత్తగా ఎవరూ వచ్చి చేరొద్దు అంటారు. 2,500 అడుగులంటే దాదాపు 760 మీటర్లు. మంచి గొడుగు సెకనుకి అయిదు మీటర్ల చొప్పున దిగుతుంది అనుకుంటే రెండున్నర నిమిషాలు. ముడిపడి గిర్రున తిరుగుతూ సెకనుకి ఇరవై మీటర్లు పడుతుంటే నలభై సెకన్లు కూడా లేవు. అందులో జరిగింది అర్థమవడానికి కొంత, అరుచుకోవడానికి కొంత, హ్యాండిల్ వెతుక్కోవడానికి కొంత. మరీ కిందికొచ్చాక వదిలేయడం కూడా పనికిరాదు, రెండో గొడుగు నిండటానికి చోటుండదు. అప్పుడు ఉన్నదాన్నే పట్టుకుని, దానికి తోడు ఇంకెంత బట్ట గాల్లో పెట్టగలిగితే అంత పెట్టుకుని దిగడమే. "రెండో పారాచూట్ ఎందుకు తెరవలేదు, భయపడ్డారా" అని విశాఖ వీడియో కింద రాసినవాళ్ళకి ఈ లెక్క చెప్పాలనిపించింది. చెప్పలేదు. చెప్తే వినేవాళ్ళైతే ఆ మాట రాయరు :)

ఇక్కడ నా అభిప్రాయం ఒకటి. దగ్గరగా ఎగరడం కోసం దగ్గరగా ఎగిరేవాళ్ళ కన్నా, దగ్గరగా ఎగరాలని లేకపోయినా దగ్గరికి రావాల్సి వచ్చే వాళ్ళకే ఎక్కువ ఇబ్బంది. ప్రదర్శన జంపు అంటే అదే. విమానం ఒకటి, దూకేది పలువురు, దిగాల్సింది మాత్రం జనం ముందున్న అంగుళమంత చోటు. పైన ఎంత ఆకాశం ఉన్నా కిందికొచ్చే కొద్దీ అన్ని దారులూ ఒకే గరాటు మూతిలోకి వస్తాయి. అందరి చూపూ కింద గురి మీదే, పక్కవాడి మీద కాదు. పైగా ఎత్తు అప్పటికే అయిపోయి ఉంటుంది. చిన్నమ్మ అడిగిన "ఆకాశంల జాగ లేదా" అన్నదానికి నిజమైన జవాబు ఇది: ఆకాశంలో బోలెడు జాగా ఉంది, వేదిక ముందు లేదు. జనం నెత్తి మీదుగా కాకుండా నీళ్ళ మీదుగా దిగడం, కింద పడవలు సిద్ధంగా పెట్టడం ఇందుకే. నీళ్ళు మెత్తగా ఉంటాయని కాదు. తడిసిన బట్టా తాళ్ళూ నీళ్ళలో కాళ్ళకి చుట్టుకుంటే ఈతగాడు కూడా మునుగుతాడు. పడవ నిమిషాల్లో రావాలి. విశాఖలో వచ్చింది.

చిన్నమ్మ ఇదంతా విని, "హైదరాబాద్‌ల పడ్డది కూడా గిట్లనే గదా" అంది. ఆమెకి గుర్తుండటం చూసి ఆశ్చర్యపోయాను. 2010 మార్చి 3న బేగంపేటలో ఏవియేషన్ షో జరుగుతుంటే, నేవీ వాళ్ళ సాగర్ పవన్ జట్టులోని విమానం బోయినపల్లిలో ఇంటి మీద కూలింది. అందులోని ఇద్దరు అధికారులూ చనిపోయారు. దగ్గరగా ఎగిరే జట్టే అది కూడా. దానికి నా దగ్గర తిరుగు సమాధానం లేదు, వెతకలేదు కూడా. ప్రమాదం లేదని చెప్పడానికి నేను కూర్చోలేదు.

కానీ ఒకటి అడిగాను. మన జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కితే, పద్నాలుగేళ్ళు కూడా నిండని పిల్ల, ఈ ఇంట్లో టీవీ ముందు చప్పట్లు కొట్టింది ఎవరు? ఆమె ఎక్కడానికి అయిదు వారాల ముందే, ఏప్రిల్ 18న, అదే కొండకి నేపాల్ వైపు మంచు కూలి 16 మంది చనిపోయారు. పూర్ణ ఎక్కింది టిబెట్ వైపు నుంచి, కానీ కొండ అదే కొండ. ఆ పిల్ల తల్లి ఆగమంటే?

"ఆమె తల్లి వేరు, నేను వేరు" అంది చిన్నమ్మ. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఊళ్ళో పిల్ల సాహసం అందరికీ గర్వమే, అది మన ఇంట్లో పిల్లాడి దాకా వస్తేనే లెక్క మారుతుంది. మన ఐటీ వాళ్ళలో ఎంతమంది పిల్లల్ని డిఫెన్స్‌కి పంపడానికి ఒప్పుకుంటారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దేశభక్తి స్టేటస్‌లు మాత్రం బాగా పెడతాం.

చిన్నమ్మని కాస్త కదిలించింది నా డెడ్‌లాకూ కాదు, పూర్ణా కాదు. ఆమె ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, పాతికేళ్ళ అనుభవం. గొడుగు విప్పి పరిచిన ఫొటో ఒకటి చూపించాను, లోపల గదుల గోడలు కనిపించేది. ఫోను తీసుకుని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ఆ గోడలకి మధ్యలో గుండ్రటి కంతలు ఉంటాయి. "గీ కంతలు ఎందుకు? బట్ట బలం పోదా?" అంది. ఒక గదిలో గాలి తగ్గితే పక్క గదిలోంచి రావడానికి, ఒత్తిడి అన్నిటికీ సమానంగా ఉండటానికి, అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కుట్లు చూసింది. తాడు కట్టిన చోట పట్టీ వేసి కుట్టారా, ఏ దారం, రెండో గొడుగు ఎవరు మడతపెడతారు, ఎన్ని రోజులకి విప్పి చూస్తారు. అమెరికాలో అయితే రెండో గొడుగుని లైసెన్సు ఉన్న రిగ్గరే మడవాలి, 180 రోజులకోసారి విప్పి చూసి మళ్ళీ మడవాలి, ఎవరు మడిచారో కార్డు మీద సంతకం ఉండాలి అని చెప్పాను. "సంతకం పెడతరా" అంది. ఆ ఒక్క మాట ఆమెకి నచ్చింది. కుట్టిన దానికి ఇంకొకరి పేరు చెప్పుకోవడం ఆమెకి అస్సలు గిట్టదు.

ఇది జరిగి నెలలు గడిచాయి. 2025 వేసవిలో మా చిన్నోడు ఎన్డీఏకి దరఖాస్తు పెట్టాడు, ఫీజు వంద రూపాయలు. ఫారంలో ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ ఏది ముందో వరుసగా పెట్టాలి. చిన్నమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని ఆర్మీయే మొదట పెట్టించింది, నేల మీద ఉంటారు కదా అని. పారాచూట్ రెజిమెంట్ ఉన్నది ఆర్మీలోనే అని వాడికి తెలుసు. చిన్నాయనకీ తెలుసనుకుంటా, లేచి పొలానికి వెళ్ళిపోయాడు.